నేస్తానికి మతిమరుపు

మతిమరుపు మీద ఓ వ్యాసం రాద్దామని మొన్న కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కూర్చున్నాక కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు. దేవుడి గూట్లో, పోపులపెట్టె పక్కన, కుట్టుమిషను మీద - అన్నిచోట్లా వెతికి వచ్చాను. అది నా నెత్తిమీదే వుందని మా ఆయన పేపరు దించకుండానే చెప్పారు. దించకుండా ఎలా చూశారని అడగబోయి, ఎందుకొచ్చిన గొడవలెమ్మని ఊరుకున్నాను.

మతిమరుపులో రెండు రకాలున్నాయని నా అనుభవం. వస్తువు ఇంట్లోనే భద్రంగా వుంటుంది, పెట్టిన చోటు మాత్రం గుర్తుండదు. ఇది మొదటి రకం. దీనికి మందుంది. ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. రెండో రకంలో వస్తువే వుండదు. ఇల్లంతా తిరగేసినా లాభం లేదు. ఈ రెంటికీ తేడా నాకు బోధపరిచింది ఏ వేదాంతీ కాదు, ఓ కంప్యూటరు. దాని పేరు అమిగా. స్పానిష్ భాషలో ఆ మాటకు 'స్నేహితురాలు' అని అర్థమట. మా అమ్మ దాన్ని 'నేస్తం' అనేది.

1989లో మా తమ్ముడు పశ్చిమ జర్మనీ నుంచి వస్తూ దాన్ని కడపకు పట్టుకొచ్చాడు. చీరలూ సెంట్లూ తెస్తాడని ఎదురుచూసిన వాళ్ళ ముందు, టైపుమిషను మొహంతో వున్న ఓ తెల్లటి పెట్టె, ఇటుకంత కరెంటు డబ్బా బయటపెట్టాడు. వేరే తెర లేదు, మా ఇంటి టీవీకే తగిలించాడు. పెట్టె కుడిపక్కన ఫ్లాపీ దూర్చే సందు. ఫ్లాపీ లేకపోతే అది 'టిక్కు, టిక్కు' మని గోడమీది బల్లిలా చప్పుడు చేస్తూనే వుండేది. "ఆకలేస్తాందేమో సూడు నాయనా" అనేది అమ్మ.

ఈ నేస్తం కథ కొంచెం చెప్పుకోవాలి. అమెరికాలోని కామడోర్ అనే కంపెనీ మొదటి అమిగాను 1985 జూలై 23న న్యూయార్కులో లింకన్ సెంటర్‌లో లోకానికి చూపించింది. పేరు మోసిన చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదికమీద దానిముందు కూర్చుని, గాయని డెబ్బీ హ్యారీ బొమ్మ వేశాడు. సంసారపక్షంగా ఇళ్ళల్లో కొనుక్కునేందుకు 'అమిగా 500' అనే చౌకరకం 1987లో వచ్చింది. మా ఇంటికొచ్చింది అదే. దాని పొట్టలో ముఖ్యమైన చిప్పులు మూడు. వాటికి తయారుచేసినవాళ్ళు ఆడవాళ్ళ పేర్లు పెట్టారు: ఆగ్నస్, డెనీస్, పాలా. డెనీస్‌ది బొమ్మల వ్యవహారం, పాలాది పాటల వ్యవహారం, ఇల్లు చక్కబెట్టేది ఆగ్నస్. అచ్చంగా ముగ్గురు తోడికోడళ్ళు. పెద్దకోడలి మీదే భారమంతా పడటం అక్కడా తప్పలేదు.

ఆ రోజుల్లో మన దేశంలో ఇంటి కంప్యూటరంటే సినిమాలో చూడాల్సిందే. అయితే బళ్ళలో మాత్రం 1984-85 నుంచీ కేంద్ర ప్రభుత్వం వారి 'క్లాస్' పథకం కింద బీబీసీ మైక్రో అనే ఇంగ్లండు కంప్యూటర్లు కొన్నిచోట్ల వచ్చాయి. ఆ బీబీసీ పెట్టెలో ఓ తమాషా వుంది. 'బ్రేక్' అనే మీట పొరబాటున నొక్కితే పిల్లాడు గంటసేపు కొట్టిన ప్రోగ్రామంతా మాయమవుతుంది. వాడు ఏడుపు మొదలుపెట్టకముందే 'ఓల్డ్' అని మూడక్షరాలు కొడితే మొత్తం తిరిగొస్తుంది. పోయినట్టు కనబడిందే గాని పోలేదన్నమాట. ఇది మొదటి రకం మతిమరుపు. మా నేస్తానికి వున్నదీ అదే జబ్బు. మందు మాత్రం ఇంకాస్త ఘనమైనది.

ఇంతకూ ఈ జబ్బేమిటో చెప్పాలి. కంప్యూటరు పని చేసుకునే జాగాను ర్యామ్ అంటారు. అందులో ఒక్కొక్క అక్షరం చిటికెడు కరెంటు రూపంలో చిన్న చిన్న గిన్నెల్లో వుంటుంది. ఆ గిన్నెలన్నీ చిల్లిగిన్నెలే. సెకనులో వందో వంతు గడిచేలోపు మళ్ళీ నింపకపోతే ఖాళీ అయిపోతాయి. అందుకని ఆగ్నస్ అనే పెద్దకోడలు పగలూ రాత్రీ తిరుగుతూ, ఏ గిన్నెలో ఏముందో చూసి మళ్ళీ అదే పోస్తూ వుంటుంది. మనం 'జ్ఞాపకం' అని పేరు పెట్టాం గాని, నిజానికి అది జ్ఞాపకం కాదు. విడవకుండా మననం చెయ్యడం. కరెంటు పోతే మననం ఆగుతుంది. మననం ఆగితే సర్వం తుడిచిపెట్టుకుపోతుంది. ఇది రెండో రకం.

ఇక మొదటి రకం సంగతి. అమిగా నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా కూలబడేది. తెర నల్లబడి, పైన ఎర్రటి గడి మిణుకు మిణుకుమంటూ, అందులో 'గురు మెడిటేషన్' అని పడేది. మీరు నమ్మరు, నిజంగా అవే మాటలు! దాన్ని తయారుచేసిన కుర్రాళ్ళు అంతకుముందు ఆటలకోసం, కాళ్ళతో తొక్కి నడిపే ఓ పలక చేశారట. పని చేసి చేసి విసుగొస్తే ఆ పలకమీద యోగిలా కదలకుండా కూర్చునే పోటీ పెట్టుకునేవారట. ఆ సరదా ఈ పేరుగా మిగిలింది. మొదటిసారి అది చూసి, "గురువు ధ్యానంలో వున్నాడక్కా" అన్నాడు తమ్ముడు. "ధ్యానం అయ్యేదాకా ఆగల్ల, తొందరపెట్టగూడదు" అంది అమ్మ. ఎంతసేపాగినా గురువు కళ్ళు తెరిస్తేగా! కంట్రోల్ మీటా, దాంతోపాటు అటొకటి ఇటొకటి వున్న రెండు అమిగా మీటలూ కలిపి నొక్కి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. దాన్నే రీసెట్ అంటారు.

రీసెట్‌లో కరెంటు పోదు, గిన్నెలు నిండే వుంటాయి. కాని యంత్రం నిద్రలేచి, 'ఇల్లంతా ఖాళీ' అనుకుని అన్నిటిమీదా కొత్తగా సామాను సర్దేస్తుంది. కొంతమంది బుద్ధిమంతులు దీన్ని గమనించి, 'ఈ మూల ఖాళీ లేదు, ఇక్కడ సామానుంది, తాకొద్దు' అని ఓ చీటీ రాసిపెడితే సరిపోతుంది కదా అనుకున్నారు. పెర్రీ కివోలోవిట్జ్ అనే ఆయన ఏయెస్‌డీజీ అనే సంస్థ పేరుమీద అలాంటిదొకటి చేసి అందరికీ పంచాడు. 1988లో వచ్చిన 1.3 నంబరు వర్క్‌బెంచ్‌తో కామడోర్ వారు తామే అటువంటిది ఇచ్చారు. పేరు 'రాడ్'. ర్యామ్‌లోనే కొంత జాగా గిరిగీసి, దాన్ని ఫ్లాపీలాగా వాడుకోవడమన్నమాట. గురువు ధ్యానంలోకి వెళ్ళినా, రీసెట్ కొట్టినా, అందులో పెట్టింది అందులోనే వుంటుంది.

ఆ చీటీ ఏర్పాటు చూస్తే మన ఇళ్ళల్లో ఇనప్పెట్టె తాళం వ్యవహారం గుర్తొస్తుంది. అమిగా మెమరీలో 4 నంబరు గడి ఒకటుంది. నిద్రలేవగానే యంత్రం ముందు అక్కడికి వెళుతుంది. అక్కడ ఓ చిరునామా వుంటుంది. ఆ చిరునామాలో ఇంటి లెక్కల పుస్తకం, అందులో 'ఫలానా చోట రాడ్ వుంది' అన్న చీటీ. అయితే చీటీ వున్నంతమాత్రాన నమ్మదు. చీటీలోని అంకెలన్నీ కూడి, కిందవేసిన మొత్తంతో సరిచూస్తుంది. ఒక్క అంకె తేడా వచ్చినా, 'ఇది నా రాత కాదు' అని చీటీ చింపి అవతల పారేస్తుంది. సామాను అక్కడే వున్నా ఇక లేనట్టే.

ఈ దొడ్డిదారి దొంగలూ కనిపెట్టారు. రీసెట్ అయినా చెరగకుండా వుండే చీటీ మంచికి పనికొస్తే చెడ్డకు పనికిరాదా? 1987లో స్విట్జర్లాండు కుర్రాళ్ళ గుంపొకటి వదిలిన 'ఎస్‌సీఏ' అనే వైరస్ ఇలాగే మెమరీలో నక్కి, రీసెట్ చేసి కొత్త ఫ్లాపీ పెట్టగానే దానికి అంటుకునేది. దాన్ని మెమరీలోంచి పోగొట్టే నాటువైద్యం స్విచ్చి ఆర్పెయ్యడం. ఆర్పితే రాడ్‌లో దాచిందీ పోతుంది. ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

సరే, ఇంతకూ మేము ఆ రాడ్‌లో ఏం దాచామని మీరడగాలి.

అమ్మకు పాటలు వచ్చు. పెళ్ళిపిలుపులొస్తే ముందు అమ్మనే పిలిచేవారు. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అలక పాటలు, అప్పగింతలు, దంపుళ్ళ పాటలు, గొబ్బి పాటలు, లాలిపాటలు. అమ్మ బడికి వెళ్ళింది లేదు, ఒక్కటీ రాసుకున్నది లేదు. వాళ్ళమ్మ నోట, మేనత్త నోట విని పట్టుకున్నవే. 1990 ఎండాకాలం సెలవులకు నేను కర్నూలు నుంచి పుట్టింటికొచ్చినప్పుడు తమ్ముడు, "అక్కా, నువ్వు టైపు నేర్చినావు కదా, అమ్మ పాటలన్నీ ఇందులో ఎక్కించు" అన్నాడు. తెలుగక్షరాలు అందులో లేవు. ఇంగ్లీషక్షరాల్లో తెలుగు రాయడమే. 'ళ'కూ 'ల'కూ తేడా ఎలా చూపాలన్న దానిమీదే మాకిద్దరికీ రెండ్రోజులు తగువైంది.

ఫ్లాపీ మీద ప్రతిసారీ రాస్తే ఆలస్యం, పైగా గుర్రుగుర్రుమని చప్పుడు, అమ్మ పాట మధ్యలో ఆగిపోయేది. అందుకని రాడ్ ఏర్పాటు చేసి, "ప్రతి పాటా ఇందులో దాచుకుంటా పో. సాయంత్రానికి మాత్రం ఫ్లాపీలోకి ఎక్కించు, మరిచిపోవద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. గురువుగారు రోజుకోసారైనా ధ్యానానికి కూర్చునేవారు. రీసెట్ కొట్టి చూస్తే పాటలన్నీ ఎక్కడివక్కడే. నాకు ధీమా వచ్చేసింది. ధీమా వచ్చినచోట బుద్ధి తప్పుకుంటుందంటారు. నాలుగు రోజులు ఫ్లాపీ ముట్టుకోలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం, కడప ఎండ మీకు తెలుసుగా, అమ్మ దంపుళ్ళ పాట మూడో చరణంలో వుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. తెర మధ్యలో తెల్లటి చుక్క ఒక్క క్షణం నిలిచి అదీ ఆరిపోయింది. 11 పాటలు. రాత్రికి కరెంటు వచ్చాక పెట్టె వేసి చూస్తే, తెల్లటి తెరమీద ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి బొమ్మ ఒక్కటే. బిచ్చమడిగే చెయ్యిలా అనిపించింది నాకు.

"యాడికి పోయినాయే?" అంది అమ్మ.

"ఆరిపోయినాయమ్మా. మళ్ళీ రావు" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

అమ్మ కాసేపు ఆ పెట్టెకేసి చూసింది. "దానికి రాకపోతే నాకు రావా? రాసుకో" అని మొదటి పాట ఎత్తుకుంది.

ఆ సెలవుల్లో మొత్తం 23 పాటలు రాశాం. ఈసారి రెండు ఫ్లాపీలు, వాటికి తోడు ఓ 200 పేజీల నోటుపుస్తకంలో తెలుగులో సాఫు ప్రతి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, రెండోసారి పాడినప్పుడు రెండు పాటల్లో చరణాలు ముందువెనకలయ్యాయి. "మొన్న ఇట్లా పాడలేదు గదమ్మా" అంటే, "మొన్నటిది మొన్నటికి సరి" అంది.

ఫ్లాపీలూ పుస్తకమూ నాతో కర్నూలు తెచ్చుకుని ట్రంకుపెట్టెలో దాచాను. 1994 ఏప్రిల్‌లో కామడోర్ కంపెనీ దివాలా తీసిందని తమ్ముడు ఉత్తరం రాశాడు. నేస్తం కడప ఇంటి అటకెక్కింది. 1998లో అమ్మ పోయింది. పాటలు పెట్టెలో వున్నాయన్న ధైర్యంతో నేనే శుభకార్యంలోనూ నోరు విప్పలేదు. ఎప్పుడైనా తీసి చదువుకోవచ్చులే అనుకున్నాను.

2009 అక్టోబరు 2. కర్నూలు వాళ్ళకు ఆ తారీఖు వేరే చెప్పక్కర్లేదు. వానకోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేసే సీమలో, మా ఊరు నీళ్ళలో మునిగింది. ఒకవైపు తుంగభద్ర, ఒకవైపు హంద్రీ. రెండూ కలిసేచోటే వుంది కదా మా ఊరు. దిగువన శ్రీశైలానికి ఆ వరదలో సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిందన్నారు. మంత్రాలయం నీట మునిగింది. మేము కట్టుబట్టలతో మిద్దెమీదికి ఎక్కాం. దిగివచ్చేసరికి ఇంటినిండా మోకాలెత్తు బురద. ట్రంకుపెట్టె తెరిస్తే నోటుపుస్తకం ముద్దపప్పులా వుంది, సిరా అంతా కలిసిపోయి నీలం రంగు. ఫ్లాపీల లోపల ఒండ్రు. మూడు ప్రతులు రాసిన నేను మూడింటినీ ఒకే పెట్టెలో పెట్టాను! పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ కింద నేర్చిన పాఠం సగమే నేర్చానన్నమాట.

ఇక్కడ మా కడప దొరగారొకరు గుర్తొస్తారు. సి.పి.బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. తర్వాత అక్కడ ఓ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బుతో తాటాకు ప్రతులు వెతికించి, రాయించాడు. తాటాకు కూడా చిల్లిగిన్నే. పురుగు తింటుంది, చెమ్మకు చివుకుతుంది. వందేళ్ళకో నూటయాభై యేళ్ళకో ఎవరో ఒకరు కూర్చుని తిరగరాయకపోతే అందులోని కావ్యం అంతే సంగతులు. ఆగ్నస్ సెకనులో చేసే పనిని మన లేఖకులు తరానికోసారి చేసేవారు. బ్రౌను దొర ఒక్క ప్రతితో తృప్తి పడలేదు. ఒక్కో గ్రంథానికి దొరికినన్ని ప్రతులు పలుచోట్ల నుంచి తెప్పించి, పక్కపక్కన పెట్టి, తప్పులు సరిచూపించి సాఫు ప్రతి రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన సేకరణను మద్రాసుకు అప్పగించాడు. అవి ఇప్పటికీ చెన్నైలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో వున్నాయి. కడపలోని ఆయన బంగళా మాత్రం శిథిలమైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పుణ్యమా అని ఆ స్థలంలోనే బ్రౌన్ పేర గ్రంథాలయం లేచింది. చూశారా, ఇల్లు పడిపోయినా పుస్తకాలు నిలిచాయి. ఎందుకంటే అవి ఆ ఇంట్లో మాత్రమే లేవు.

ఇక ఈమధ్య సంగతికొస్తాను. కిందటి సంక్రాంతికి కడప వెళితే, మా మేనల్లుడు అటకమీంచి నేస్తాన్ని దించాడు. వాడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. పాత యంత్రాలంటే వాడికి పిచ్చి. "అత్తా, దీన్ని బతికిస్తా చూడు" అన్నాడు. కింద వున్న మూత విప్పితే లోపల అదనపు మెమరీ పలక, దానిమీద గడియారం నడవడానికి పెట్టిన చిన్న బ్యాటరీ. అది కారి, చుట్టూ పచ్చగా చిలుం పట్టింది. ఈ పాత పెట్టెలన్నిటికీ వచ్చే జబ్బే ఇదట.

"నిమ్మకాయ వుందా అత్తా?"

"దిష్టి తీస్తావా?"

"కాదత్తా, ఈ కారింది క్షారం. పులుపు తగిలితే విరుగుతుంది."

నిమ్మరసంతో తోమి, తుడిచి, ఆరబెట్టి, స్విచ్చి వేస్తే మా నేస్తం కళ్ళు తెరిచింది! అదే చెయ్యి, అదే ఫ్లాపీ బొమ్మ. తర్వాత వాడు రాడ్ పెట్టబోయాడు. 'మౌంట్ రాడ్' అని కొట్టాడు. ఏమీ కనపడలేదు. "పాడైందేమో అత్తా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "పేరు పెట్టి పిలిస్తే రాదురా అది. ఓసారి తలుపు తట్టాలి. లోపలేముందో చూపించమని అడుగు" అన్నాను. అడిగాడు, వచ్చింది. నాకేసి వింతగా చూశాడు. ముప్పయ్యేళ్ళు దాటినా నాకది గుర్తుందంటే నాకే వింతగా వుంది, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకున్నది గుర్తుండని మనిషిని.

రాడ్‌కు జాగా కూడా ముందే చెప్పాలి. మౌంట్‌లిస్ట్ అనే పట్టికలో ఎన్ని అరలు కావాలో రాస్తాం. అర ఒక్కింటికి 11 కిలోబైట్లు. 80 అరలు పెడితే అసలు ఫ్లాపీ అంత, అంటే 880 కిలోబైట్లు. మా పెట్టె మొత్తం మెమరీయే, అదనపు పలక కలుపుకుని, 1 మెగాబైటు. ఆశపడి అన్నీ రాడ్‌కే ఇస్తే యంత్రానికి నిలబడే జాగా వుండదు. ఈ కాలపు ఫోనులో తీసిన ఒక్క ఫొటో పట్టదు మా పెట్టెలో. కాని అమ్మ పాటలన్నీ కలిపి అందులో ఓ మూలకు సరిపోయాయి.

మేనల్లుడు రాడ్‌లో ఏదో రాసి రీసెట్ కొట్టాడు. పోయింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ పోయింది. అరలు తగ్గించాడు. ఫ్లాపీ మార్చాడు. ఏదైనా ప్రోగ్రాము దానిమీద నడిచి తొక్కేస్తోందేమోనని మిగతావన్నీ ఆపేశాడు. ఊహు. పొద్దుపోయేదాకా కుస్తీ పట్టి, చివరికి ఆ అదనపు పలకనే ఊడదీసి చూశాడు. చిలుం వదిలినా, పలకా పెట్టే కలిసే ముళ్ళు నల్లబడి వున్నాయి. ఒకసారి అంటుకుంటున్నాయి, ఒకసారి లేదు. నిద్రలేచిన యంత్రానికి చిరునామా దొరుకుతోంది గాని, ఆ చిరునామాలో ఇల్లే వుండటం లేదు. లెక్కల పుస్తకం కనబడక, అన్నీ కొత్తగా మొదలుపెడుతోంది. సామాను పోలేదు, చీటీలో తప్పు లేదు. దారి తెగింది. ముళ్ళు శుభ్రంగా రుద్ది బిగించాక రీసెట్ కొడితే, రాసింది రాసినట్టు నిలిచింది. ఇద్దరం చప్పట్లు కొట్టాం. మా మరదలు వంటింట్లోంచి పరుగున వచ్చింది, ఎవరికేమైందోనని.

"ఇప్పుడేం పెడదాం అత్తా ఇందులో?" అన్నాడు వాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాటలు పోయాయా, పోయే దారి తెగిందా? అమ్మ పాటలు నా పెట్టెలో మాత్రమే వున్నాయని నేనెందుకనుకున్నాను? ఆ పెళ్ళిళ్ళలో అమ్మ పక్కన గొంతు కలిపిన వాళ్ళంతా ఏరీ?

తెల్లారి ప్రొద్దుటూరులో పిన్నికి ఫోను చేశాను. పిన్నికి ఎనభై దాటాయి. పాట అడిగితే సిగ్గుపడింది, ఆ తర్వాత ఆపితే ఒట్టు. మూడు పాటలు దొరికాయి. జమ్మలమడుగులో పెద్దమ్మ కూతురు నాలుగు చెప్పింది. అందులో ఒకటి పిన్ని చెప్పినదే, మాటలు మాత్రం రెండుచోట్ల తేడా. నంద్యాలలో మా పాత పొరుగావిడకు అప్పగింతల పాట వచ్చు. మా మరదలికి, అత్తగారి దగ్గర విన్నవి, అయిదు వచ్చు. పాతికేళ్ళు పక్కనే వున్నా నేనెప్పుడూ అడగలేదు. లాలిపాట ఒకటి మా అమ్మాయికే వచ్చు. వాళ్ళ పాపను పడుకోబెడుతూ రోజూ పాడుతుందట. "అమ్మమ్మ పాడిందే కదమ్మా, నీకు గుర్తులేదా?" అంది. నేను ఫోను పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

బ్రౌను దొర పండితుల్లాగా ఆ రెండు రకాల మాటల్నీ పక్కపక్కన రాశాను. ఏది అమ్మ మాటో తేల్చలేకపోతే రెండూ వుంచాను. మొన్నటిది మొన్నటికి సరి, నిన్నటిది నిన్నటికి సరి. 23 పాటల్లో ఇప్పటికి 16 లెక్కకొచ్చాయి. 7 రాలేదు. అందులో నా పెళ్ళికి అమ్మ పాడిన నలుగు పాట ఒకటి. పల్లవి వుంది, చివరి చరణం వుంది, మధ్యలోవి లేవు. వరస మాత్రం నా చెవిలో వుంది. స్నానం చేసేటప్పుడు అదే కూనిరాగం తీస్తాను. ఏ నాటికైనా మాటలు వచ్చి అందులో కూర్చుంటాయేమోనని ఆశ.

ఈసారి మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాను. ప్రతులు అయిదు తీశాం. కడపలో ఒకటి, ప్రొద్దుటూరులో ఒకటి, నంద్యాలలో ఒకటి, మా అమ్మాయి దగ్గరొకటి, నా దగ్గరొకటి. మేనల్లుడు మురిపెంగా నేస్తంలో కూడా ఎక్కించాడు, రాడ్‌లోనే! "కరెంటు పోతే పోతాయి కదరా" అన్నాను. "పోనీలే అత్తా, మళ్ళీ పాడుదువుగాని" అన్నాడు.

ఉగాది తర్వాత వాడి పెళ్ళి. నలుగుకు నన్నే పాడమన్నారు. నాది కాకిగొంతని మా ఆయన అభిప్రాయం. ఈసారి పేపరు దించి మరీ చెప్పారు. అయినా పాడతాను. మధ్య చరణాలు రాని చోట పిన్ని పక్కనే కూర్చుంటుంది.